మనసు గోడుకు కళావేదిక

- స్వచ్ఛంద కళోత్సవాలతో అపోహలకు అడ్డుకట్ట
- పశ్చిమ గోదావరి పల్లెల్లో ఫలించిన నాటకం
- ఏమరుపాటుగా ఉంటే మేలు బదులు కీడు

ఏలూరు: పోలియో చుక్కలు మొదలుకొని ఎయిడ్స్ నివారణ దాకా, అక్షరాస్యత నుంచి మరుగుదొడ్ల వరకు మన పల్లెల్లో కళాజాత గజ్జె కట్టని అంశం లేదంటే అతిశయోక్తి కాదు. మనోవ్యాధి మాత్రం ఆ వేదిక ఎక్కింది అరుదు. ఎక్కినా చింపిరి జుట్టుతో, చిరిగిన చొక్కాతో, పిల్లలు రాళ్లు రువ్వే 'పిచ్చోడి' వేషంలో, నాటకం నడుమ నాలుగు నవ్వులు పూయించేందుకే. ఆ నవ్వే జనంలో ఆరు నెలలుగా కుంగుబాటుతో మంచం దిగని కోడలు ఉన్న అత్తగారు ఉండవచ్చు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారంటూ రాత్రిళ్లు నిద్రపోని కొడుకును గదిలో ఉంచి, గొళ్లెం పెట్టి వచ్చిన తండ్రి ఉండవచ్చు. వారు ఆ నవ్వులో శ్రుతి కలుపుతారు. ఇంటికి వెళ్లి తలుపు మరింత గట్టిగా మూసుకుంటారు.

ఆ తలుపు తెరిపించేందుకు ప్రపంచంలో పలుచోట్ల స్వచ్ఛంద సేవకులు కళోత్సవాలు నిర్వహిస్తున్నారు. పాట, నాటకం, చిత్రకళ, చలనచిత్రం, కవిత్వం వంటి వాటితో మానసిక ఆరోగ్యంపై ఊరంతా మాట్లాడుకునేలా చేయడం వీటి లక్ష్యం. ఏటా అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం వస్తోంది. 1992లో మొదలైన ఈ దినోత్సవం మన దగ్గర సాధారణంగా ఒక ర్యాలీ, ఒక సదస్సు, ఒక ప్రతిజ్ఞతో ముగుస్తోంది. ఆ ఒక్క పూటను రెండు మూడు రోజుల కళోత్సవంగా మలచడం యువజన సంఘాలకు, నాటక సమాజాలకు, కళాశాల విద్యార్థులకు అసాధ్యమేమీ కాదు. అయితే ఇది ఇతర అవగాహన కార్యక్రమాల వంటిది కాదు. ఎలా చేయాలన్నది తెలియకుండా దిగితే మేలు జరగకపోగా కీడు జరుగుతుందని అనుభవాలు చాటుతున్నాయి.

డబ్లిన్‌లో పక్షం రోజులు

స్వచ్ఛంద సేవకుల చొరవతో పుట్టి పెరిగిన ఇటువంటి ఉత్సవాల్లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో జరిగే 'ఫస్ట్ ఫోర్ట్‌నైట్' ఒకటి. తెలుగులో చెప్పాలంటే 'తొలి పక్షం'. ఏటా జనవరి మొదటి రెండు వారాల్లో జరుగుతుంది కాబట్టి ఆ పేరు. కొత్త ఏడాదికి జనం కొత్త తీర్మానాలు చేసుకునే వేళ, మనోవ్యాధి పట్ల తమ వైఖరినీ ఒకసారి సరిచూసుకుంటారన్న ఆలోచన దీని వెనుక ఉంది. డేవిడ్ కీగన్, జె.పి.స్వెయిన్ అనే ఇద్దరు 2009లో దీనికి అంకురార్పణ చేశారు. 2010 జనవరిలో తొలి ఉత్సవం జరిగింది. సంగీత, కవితా సభలు, నాటకాలు, చలనచిత్రాలు, చిత్ర ప్రదర్శనలు, వాటి అనంతరం ప్రేక్షకులతో ముఖాముఖి చర్చలు ఇందులో ప్రధానాంశాలు. కాలక్రమంలో ఈ సంస్థ నిలువ నీడలేని వారికి కళల ద్వారా మానసిక చికిత్స అందించే కేంద్రాన్నీ నెలకొల్పింది. 2019లో ఐరోపా స్థాయి మానసిక ఆరోగ్య కళోత్సవానికి ఆతిథ్యమిచ్చింది.

ఆ దేశంలోనే ఇది వేళ్లూనుకోవడానికి కారణం లేకపోలేదు. మనోవ్యాధి విషయంలో ఐర్లండ్‌ది చేదు చరిత్ర. 1950ల చివర్లో ముప్పై లక్షల లోపు జనాభా గల ఆ దేశంలో 20 వేల మందికి పైగా మానసిక చికిత్సాలయాల గోడల మధ్య గడిపేవారు. ఆత్మహత్యను నేరాల జాబితా నుంచి తొలగించింది 1993లోనే. అంతకాలం నోరు విప్పని సమాజంతో మాట్లాడించాలంటే ఉపన్యాసం చాలదని, పాటో ఆటో కావాలని నిర్వాహకులు గ్రహించారు. ఉపన్యాసానికి వచ్చేవారు అప్పటికే ఆ విషయంపై ఆసక్తి ఉన్నవారు. పాట కోసం వచ్చేవారు ఎవరైనా కావచ్చు. 'మానసిక రోగులపై సదస్సు' అన్న ఫ్లెక్సీ కట్టిన మండపంలోకి అడుగుపెడితే నలుగురూ చూస్తారేమోనని జంకే వ్యక్తి, అదే మండపంలో బుర్రకథ జరుగుతుంటే నిస్సంకోచంగా వచ్చి కూర్చుంటాడు. కళోత్సవం చేసే తొలి మేలు ఇదే.

వికటించిన చిత్రం

ఇటువంటి ఉత్సవం నిజంగా జనం మనసు మారుస్తుందా? ఐర్లండ్‌కు పొరుగునే ఉన్న స్కాట్లండ్‌లో పరిశోధకులు ఈ ప్రశ్న వేసుకున్నారు. అక్కడ 2007 నుంచి దేశవ్యాప్తంగా మానసిక ఆరోగ్య కళా, చలనచిత్రోత్సవం జరుగుతోంది. మొదట్లో అక్టోబరులో నిర్వహించేవారు. ఆ తర్వాత కొన్నేళ్లు మే నెలలో జరిపారు. ఓ స్వచ్ఛంద సంస్థ సారథ్యం వహిస్తుండగా, ఏ ప్రాంతంలోని కార్యక్రమాలను ఆ ప్రాంతంలోని బృందాలే రూపొందించుకుంటాయి. ఆ ఉత్సవానికి వచ్చిన 415 మంది ప్రేక్షకుల అభిప్రాయాలు సేకరించి 2011లో ఒక అధ్యయనం వెలువరించారు.

ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. అదే సమయంలో హెచ్చరికగానూ ఉన్నాయి. మనోవ్యాధి ఉన్నవారూ సమాజానికి ఎంతో చేయగలరని, వారు కోలుకోగలరని నమ్మేవారి సంఖ్య ప్రదర్శనల తర్వాత పెరిగింది. కానీ అప్పటికే ఉన్న వ్యతిరేక భావాలు మాత్రం తగ్గలేదు. ఇకపై తమ ప్రవర్తన మార్చుకుంటామన్నవారిలో మార్పు స్వల్పమే. అన్నింటికీ మించి, ఒక చలనచిత్ర ప్రదర్శన పూర్తిగా ఎదురు తిరిగింది. ఆ చిత్రం చూసి బయటకు వచ్చిన ప్రేక్షకుల్లో 'మనోవ్యాధిగ్రస్తులు ప్రమాదకరమైనవారు' అన్న భావన పెరిగింది. అపోహలు పోగొట్టేందుకు పెట్టిన ఉత్సవమే ఒక అపోహను బలపరిచింది. నిర్వాహకుల సంకల్పంలో లోపం లేదు. వేదికపై ఏం చూపుతున్నామన్నదే ఫలితాన్ని తేల్చింది.

మన నాటకాల్లో, సినిమాల్లో మనోవ్యాధి గల పాత్ర రెండే రకాలు. ఒకటి నవ్వించేది. రెండోది కత్తి పట్టుకుని భయపెట్టేది. ఆ రెంటినీ అలాగే తెచ్చి 'అవగాహన' పేరుతో ప్రదర్శిస్తే ఏం జరుగుతుందో స్కాట్లండ్ అనుభవం ముందే చెప్పింది.

మన జిల్లాలోనే నిదర్శనం

ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పేరిట గత దశాబ్దం మధ్యలో ఈ జిల్లా పల్లెల్లో ఒక ప్రయోగం చేసింది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, ట్యాబ్‌లో ఉన్న ప్రశ్నలు అడిగి, కుంగుబాటు, ఆందోళన లక్షణాలున్న వారిని గుర్తిస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు చికిత్స చేస్తాడు. అయితే జనం ఆశా కార్యకర్తకు నిజం చెప్పాలంటే ముందు సిగ్గు, భయం పోవాలి. అందుకే తొలుత రెండు గ్రామాల్లో మూడు నెలల పాటు అపోహలను తొలగించే ప్రచారం చేపట్టారు. కరపత్రాలు, ఇంటింటి సంభాషణ, వీడియోలతో పాటు నాటకాన్నీ, మనోవ్యాధిని అనుభవించి కోలుకున్న వ్యక్తి స్వీయ కథనాన్నీ జనం ముందుంచారు.

ప్రచారానికి ముందు, తర్వాత గ్రామస్థుల అభిప్రాయాలను కొలిచి 2017లో ఫలితాలు ప్రకటించారు. మనోవ్యాధి ఉన్నవారి పట్ల వైఖరి, వారితో మెలిగే తీరు మెరుగుపడ్డాయి. వైద్యుడి వద్దకు వెళ్లేందుకు అడ్డుపడే సంకోచం తగ్గింది. అన్నింటిలో ఏది బాగా ఉపకరించిందని అడిగితే గ్రామస్థులు చెప్పినవి రెండు. ఒకటి, అనుభవించిన మనిషే తన కథ చెప్పడం. రెండోది, నాటకం. రెండేళ్ల తర్వాత తిరిగి పరిశీలించి 2019లో వెలువరించిన పత్రంలోనూ చాలా అంశాల్లో మెరుగుదలే కనిపించింది. ప్రచారం జరగని గ్రామాలతో పోల్చి చూసిన అధ్యయనం కాదు కాబట్టి మార్పునంతటినీ నాటకం ఖాతాలోనే వేయడం సరికాదు. అయినా కరపత్రం కన్నా కళకు మన పల్లె ఎక్కువ చెవి ఒగ్గుతుందన్నది అక్కడ తేటతెల్లమైంది. తదనంతరం ఇదే పద్ధతిని ఈ జిల్లాతో పాటు హరియాణాలోనూ పెద్ద ఎత్తున పరీక్షించారు.

కళాజాత శక్తి తెలుగువారికి కొత్త కాదు. 1943లో ఏర్పడిన ప్రజా నాట్యమండలి బుర్రకథను రాజకీయ ఆయుధంగా మలిచింది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం పాటలతో, నాటికలతో సాగింది. వాచకంలోని సీతమ్మ కథ చదువుకున్న దూబగుంట మహిళలు సారా దుకాణంపై తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి దారితీసింది. ఎవరి ఇంట్లో వారు దాచుకున్న బాధ ఊరందరి బాధగా మారిన సందర్భమది. మనోవ్యాధి విషయంలో అంత సులువు కాదు. సారాకు దుకాణం ఉంది, కాంట్రాక్టరు ఉన్నాడు. వెళ్లి తాళం వేయవచ్చు. ఇక్కడ ఎదిరించాల్సింది ఇరుగుపొరుగు చూపును, చాలాసార్లు తమ చూపును తామే.

ఎవరు చెబితే నమ్ముతారు?

మనోవ్యాధి పట్ల వివక్షను తగ్గించే మార్గాలపై 14 దేశాల్లో జరిగిన 72 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2012లో ఒక విశ్లేషణ వెలువడింది. పెద్దల విషయంలో వివరాలు బోధించడం కన్నా, ఆ వ్యాధిని అనుభవించిన వ్యక్తితో పరిచయమే ఎక్కువ మార్పు తెస్తుందని తేలింది. అదీ వీడియోలో కాకుండా ముఖాముఖి అయితే మరింత ఫలితం. కౌమార వయసు పిల్లల్లో మాత్రం బోధన మెరుగ్గా పనిచేసింది. కనుక ఉన్నత పాఠశాలలో చేసే కార్యక్రమం, రచ్చబండ వద్ద చేసే కార్యక్రమం ఒకే మూసలో ఉండనక్కర్లేదు.

దీన్నిబట్టి నిర్వాహకులు గ్రహించాల్సింది ఒకటుంది. ఉత్సవంలో మనోవ్యాధి గురించి మాట్లాడేవారు వైద్యులు, అధికారులు, అతిథులు మాత్రమే అయితే అది మరో సదస్సు అవుతుంది. కోలుకున్నవారు, కోలుకుంటున్నవారు, వారిని సాకిన కుటుంబ సభ్యులు రచనలో, దర్శకత్వంలో, వేదికపై భాగస్వాములు కావాలి. నాటకం రాసే ముందే వారిని కూర్చోబెట్టుకుని వినాలి. రాత పూర్తయ్యాక 'బాగుందా' అని చూపించడం భాగస్వామ్యం అనిపించుకోదు. ఒకరు చక్కగా పాడతారు, ఇంకొకరు బొమ్మలు వేస్తారు. వారిని వ్యాధి గురించే మాట్లాడమని బలవంతపెట్టాల్సిన అవసరమూ లేదు. మందులు వాడుతున్న ఒక యువకుడు అందరిలాగే తబలా వాయిస్తే, ఆ వాయిద్యమే ఒక జవాబు.

బుర్రకథలో ఇందుకు సహజమైన వెసులుబాటు ఉంది. నడుమ కథకుడు, ఇరుపక్కలా వంతలు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. కథ ఎంత గంభీరంగా సాగుతున్నా హాస్యం చెప్పే వంత 'గాలి సోకిందేమో, తాయెత్తు కట్టిస్తే పోదా?' అని జనం మనసులోని సందేహాన్నే అడగగలడు. రాజకీయం చెప్పే వంత నేటి ఆసుపత్రి సంగతి, చట్టం సంగతి చెప్పగలడు. ప్రేక్షకుడు తాను అడగలేని ప్రశ్నను మరొకరు అడగడం, దానికి ఎవరూ ఎగతాళి చేయకుండా బదులివ్వడం వింటాడు. అయితే హాస్యం గురి రోగిపై కాక, రోగిని చూసి బెదిరే లోకంపై ఉండాలి. నాటక పరిషత్తులకు పేరున్న పాలకొల్లు, భీమవరం, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో ఈ మెలకువ తెలిసిన రచయితలకు, నటులకు కొదవ లేదు.

మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. 'డిప్రెషన్' అన్న మాట పట్టణాల్లో వాడుకలోకి వచ్చింది. పల్లెలో అదే బాధను తలపోటు, నీరసం, అరికాళ్ల మంటలు, ఆకలి చచ్చిపోవడం, 'నరాల బలహీనత' అంటూ చెప్పుకుంటారు. 'మనసు బాగోలేదు' అని చెప్పడం కన్నా 'ఒళ్లు బాగోలేదు' అని చెప్పడం సులువు. అందుకే ఏళ్ల తరబడి బలం సూదులకు, స్కానింగులకు డబ్బు తగలేసి కూడా అసలు వైద్యుడి వద్దకు చేరని వారెందరో. పాత్రలు మాట్లాడేటప్పుడు ఈ మాటలే వాడితే ముందు వరుసలో కూర్చున్న మనిషి 'ఇది నా సంగతే' అనుకుంటుంది. వ్యాధుల పేర్ల పట్టిక చదివితే ఎవరికో చెబుతున్నట్లు ఉంటుంది.

వేదికపై చూపకూడనిది

రైతు ఆత్మహత్యలపై వచ్చిన వీధి నాటకాల్లో పురుగుమందు తాగే దృశ్యం పరిపాటి. డబ్బా ఎత్తి తాగడం, గిలగిల కొట్టుకోవడం, భార్యాబిడ్డల రోదన. ప్రేక్షకుల కళ్లు చెమర్చుతాయి. నటుడికి చప్పట్లు పడతాయి. ఉద్దేశం మంచిదే అయినా ఈ దృశ్యాన్ని విడిచిపెట్టడమే శ్రేయస్కరం.

కారణం పరిశోధనల్లో ఉంది. ఆత్మహత్యలను పత్రికలు ప్రముఖంగా ప్రచురించిన తర్వాత అటువంటి మరణాలు పెరుగుతున్నాయని 1974లో డేవిడ్ ఫిలిప్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త చూపించాడు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో భూగర్భ రైళ్ల కింద పడే ఘటనలు 1980ల మధ్యలో పెచ్చరిల్లాయి. 1987లో నిపుణులు పత్రికలకు మార్గదర్శకాలు ఇచ్చారు. సంచలన కథనాలు ఆగాయి. ఆ తర్వాత అటువంటి ఘటనలు గణనీయంగా తగ్గాయి. అదే దేశంలో 2010లో వెలువడిన అధ్యయనం నాణేనికి మరో వైపు చూపింది. చావు ఆలోచన వచ్చినా దాన్ని దాటి బయటపడ్డ వ్యక్తుల కథనాలు మరణాలను తగ్గించే అవకాశం ఉందని అది పేర్కొంది. పరిశోధకులు దానికి 'పాపగేనో ప్రభావం' అని పేరు పెట్టారు. మొజార్ట్ స్వరపరచిన 1791 నాటి సంగీత నాటకం 'మ్యాజిక్ ఫ్లూట్'లో పాపగేనో పిట్టలు పట్టేవాడు. ప్రియురాలు దూరమైందని ప్రాణం తీసుకోబోతాడు. ముగ్గురు బాలురు వచ్చి వేరే దారి ఉందని గుర్తుచేస్తే ఆగిపోతాడు. రెండు శతాబ్దాల నాటి నాటక ఘట్టం నేటి వైద్య పరిభాషలో చేరింది.

కాబట్టి నాటకం నిలవాల్సింది ఆ డబ్బా వద్ద కాదు. అప్పుల బాధలో ఉన్న రైతును పలకరించిన పొరుగువాడి వద్ద, ఆ రాత్రి అతడు ఏం మాట్లాడాడన్న దాని వద్ద, మర్నాడు ఎవరి దగ్గరికి తీసుకెళ్లాడన్న దాని వద్ద నాటకం నడవాలి. చావు పద్ధతి, స్థలం, వివరం వేదికపైకి రానవసరం లేదు. చనిపోయిన వ్యక్తిని త్యాగమూర్తిగా చిత్రించడమూ తగదు. ఒకే కారణం చూపడమూ సరికాదు. పరీక్ష తప్పడమో, ప్రేమ విఫలం కావడమో ఒక్కటే కారణమన్నట్లు చూపితే, అదే స్థితిలో ఉన్న ప్రేక్షకుడికి వేరే దారి కనిపించదు.

సమ్మతి లేనిదే ఫొటో వద్దు

స్వచ్ఛంద కార్యక్రమమన్నాక ఫొటోలు, వీడియోలు తప్పవు. అవి గంటలో వాట్సాప్ బృందాల్లో తిరుగుతాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017లోని 24వ సెక్షన్ ప్రకారం చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటోను గానీ, వివరాలను గానీ వారి సమ్మతి లేకుండా ప్రసార మాధ్యమాలకు ఇవ్వరాదు. చట్టం మాట ఎలా ఉన్నా, వేదికపై ధైర్యంగా తన కథ చెప్పిన యువతికి రేపు పెళ్లి సంబంధం చెడితే ఆ చప్పట్లు అక్కరకు రావు. అందుకే ముందే విడమరచి చెప్పాలి. అసలు పేరా, మారు పేరా? ముఖం కనపడాలా, తోలుబొమ్మ చేత పలికించాలా? వీడియో తీయవచ్చా? ఆఖరి నిమిషంలో మానుకుంటానన్నా ఎవరూ నొచ్చుకోకూడదు. తోలుబొమ్మలాట ఇందుకు అనువైనది. తెర వెనుక ఉన్న గొంతు ఎవరిదో జనానికి తెలియనక్కర్లేదు.

తన గాయం గురించి వేదికపై చెప్పిన మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. ప్రదర్శన ముగియగానే కుర్చీలు సర్దే హడావుడిలో ఆ మనిషిని ఎవరూ పట్టించుకోకపోవడం కద్దు. కథ చెప్పే ప్రతి వ్యక్తికీ తోడుగా ఒకరిని కేటాయించి, మర్నాడు, వారం తర్వాత కూడా పలకరించే ఏర్పాటు ఉండాలి. ఇదే జాగ్రత్త వలంటీర్లకూ వర్తిస్తుంది. ఇటువంటి పనికి ముందుకొచ్చే యువకుల్లో చాలామంది తమ ఇంట్లోనో స్నేహితుల్లోనో ఎవరినో పోగొట్టుకున్నవారే అయి ఉంటారు.

వేదిక పక్కనే వైద్యం

నాటకం చూసి ఒక తల్లి లేచి వచ్చి 'మా అబ్బాయికీ ఇలాగే ఉంది, ఎక్కడ చూపించాలి' అని అడిగితే జవాబు సిద్ధంగా లేకపోవడం కన్నా పెద్ద వైఫల్యం లేదు. కళ వైద్యం కాదు. వైద్యం దాకా నడిపించేది మాత్రమే. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దల్లో 10.6 శాతం మంది సర్వే నాటికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ సర్వే జరిగిన 12లో లేవు. ఇక్కడి పరిస్థితి అంతకన్నా మెరుగని భావించేందుకు ఆధారమూ లేదు.

కర్ణాటకలో, తెలుగువారు ఎక్కువగా నివసించే బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ 1980లలో చేసిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మానసిక వైద్యం పెద్దాసుపత్రి గోడలు దాటి జిల్లాకు రావాలన్నది దాని సారాంశం. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఉత్సవ నిర్వాహకులు నెల ముందే ఆ విభాగం వైద్యులతో మాట్లాడి, ఏ రోజు ఓపీ ఉంటుంది, ఏ గదికి వెళ్లాలి, మందులు అక్కడే ఇస్తారా వంటి వివరాలు ఒక చీటీలో రాసి పెట్టుకోవాలి. వేదికకు కాస్త దూరంగా, వెలుతురు మరీ ఎక్కువ లేని చోట ఒక బల్ల వేసి ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను, వీలైతే కౌన్సెలర్‌ను కూర్చోబెట్టాలి. వేదిక ముందే వేస్తే ఎవరూ రారు.

చట్టం గురించి చెప్పడానికీ ఇదే తగిన వేదిక. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించరాదని 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. ఈ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్‌ను 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కొనసాగించలేదు. అధికారిని విధి నిర్వహణలో అడ్డుకునేందుకు చేసే యత్నం మాత్రమే అందులో నేరం. అయినా పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లకుండా నాటు వైద్యంతో కాలయాపన చేసే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. రోగిని గొలుసులతో కట్టడాన్నీ ఈ చట్టంలోని 95వ సెక్షన్ నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో పాకకు నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో బంధించి ఉన్న 28 మంది కదల్లేక ప్రాణాలు కోల్పోయారు. బుర్రకథకు ఇంతకన్నా గుండెలు పిండే ఇతివృత్తం వేరొకటి దొరకదు. చెప్పే తీరులో మాత్రం భీభత్సం తగ్గి, వారిని అక్కడ వదిలి రావాల్సిన పరిస్థితి కుటుంబాలకు ఎందుకొచ్చిందన్న ప్రశ్న మిగలాలి.

ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ

డబ్బు విషయంలో ఈ ఉత్సవానికి పెద్ద పందిళ్లు, స్వాగత తోరణాలు అక్కర్లేదు. పాఠశాల ఆవరణ, గ్రంథాలయం, రామాలయం అరుగు చాలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు మైకులపై నిషేధం ఉంది కాబట్టి ప్రదర్శన, ఆ తర్వాతి చర్చ రెండూ పదిలోపే ముగిసేలా చూసుకోవాలి. చర్చకు సమయం లేకపోతే నాటకాన్ని కుదించాలి గానీ, చర్చను ఎత్తివేయరాదు. అక్టోబరు 10 నాటికి డెల్టాలో సార్వా కోతల హడావుడి ఇంకా పూర్తిగా మొదలు కాదు కాబట్టి జనానికి కొంత తీరిక ఉంటుంది. విరాళాలిచ్చే వారి ఫ్లెక్సీలు ఎక్కడ కట్టాలో ముందే నిర్ణయించుకోవడం మంచిది. మద్యం దుకాణం యజమాని పేరు కింద మానసిక ఆరోగ్య నాటకం ఆడితే జనం నవ్వుకుంటారు.

ప్రతి ప్రదర్శన చివర టెలిమానస్ సహాయవాణి నంబరును కనీసం మూడుసార్లు చదివి, వలంటీర్లు చీటీలు పంచాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ సేవ తెలుగులోనూ అందుతోంది. రోజుకు 24 గంటలూ 14416 నంబరుకు గానీ, 1800-891-4416 నంబరుకు గానీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. బాధపడుతున్న వ్యక్తే చేయాలన్న నిబంధన లేదు. ఇంట్లోవారు, స్నేహితులు, పొరుగువారు ఎవరైనా చేసి సలహా పొందవచ్చు.